తడిసిన ధాన్యం – ఎరుపెక్కిన చీటీ

మదరసాలో బోధించేవారి వద్దకు ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. నమాజులో మరపు సంభవిస్తే ఏం చేయాలి, ఉపవాస స్థితిలో సూదిమందు వేయించుకోవచ్చా, జకాతు లెక్క ఎలా కట్టాలి అని ప్రజలు అడుగుతూ ఉంటారు. కాని కొన్న వస్తువు చెడిపోతే అమ్మినవానికీ కొన్నవానికీ మధ్య హక్కులేమిటని అడిగేవారు అరుదు. ఆరాధనలే ధర్మమనీ, బజారు వ్యవహారాలు లోకరీతికి సంబంధించినవనీ మనలో చాలామంది తలపోస్తారు. ఫిఖ్హ్ గ్రంథాలు తిరగేసినవారికి మాత్రం క్రయవిక్రయాల ప్రకరణం ఎంత విస్తారమైనదో తెలుసు.

ఇరవై రెండేళ్లుగా ఆ ప్రకరణాన్ని విద్యార్థులకు బోధిస్తున్న మేము, అందులోని ఒక అధ్యాయాన్ని గత సంవత్సరం ఒక సర్వీస్ సెంటర్ కౌంటరు ముందు నిలబడి మళ్లీ చదువుకోవలసి వచ్చింది. ఆ చదువులో మొదట మేము తప్పాము కూడా. అందువల్లనే ఈ నాలుగు మాటలు పాఠకుల ముందుంచుతున్నాము.

జరిగిన సంగతి

మా పెద్దబ్బాయి కువైట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నిరుటి రంజానుకు ముందు వాళ్ల అమ్మీ కోసం కొంత సొమ్ము పంపి, మంచి ఫోను కొనిపెట్టమన్నాడు. బందరు బజారులో రశీదుతో సహా 18,499 రూపాయలకు కొన్నాము. ఒక సంవత్సరం వారంటీ. పెట్టె మీద నీటి తుంపరలను తట్టుకుంటుందని కూడా ముద్రించి ఉంది. ప్రతి రాత్రి ఇషా నమాజు తరువాత కొడుకు ముఖం ఆ ఫోనులో చూసి నాలుగు మాటలు మాట్లాడితే గాని మా ఇంటివారికి నిద్ర పట్టేది కాదు.

పదకొండో నెలలో ఒక ఉదయం ఆ ఫోను ఛార్జింగ్ ఎక్కడం మానుకుంది. మధ్యాహ్నానికి పూర్తిగా ఆరిపోయింది. దుకాణదారు తన చేతిలో ఏమీ లేదన్నాడు. కంపెనీవారి సర్వీస్ సెంటర్ విజయవాడలో ఉంది. అంటే పోను డెబ్బై కిలోమీటర్లు, రాను డెబ్బై. ఒక రోజు సెలవు పెట్టి, బిల్లు, పెట్టె వెంట తీసుకుని బస్సెక్కాము.

టోకెను తీసుకుని గంటన్నర కూర్చున్న తరువాత కౌంటరులోని యువకుడు ఫోను అందుకున్నాడు. సిమ్ కార్డు పెట్టే పళ్లేన్ని సూదితో బయటికి లాగి, ఆ రంధ్రంలోకి చిన్న దీపంతో చూశాడు. ఒక ఫోటో తీశాడు. కంప్యూటరులో ఏదో నమోదు చేసి, “లోపల నీళ్లు వెళ్లాయి సార్. వారంటీ వర్తించదు. మదర్‌బోర్డు మార్చాలి. 9,800 అవుతుంది” అన్నాడు. ఫోనును విప్పనైనా లేదు. ఈ తీర్పు చెప్పడానికి అతనికి నాలుగు నిమిషాలు పట్టలేదు.

ఫోను ఎన్నడూ నీళ్లలో పడలేదని చెప్పాము. “స్టిక్కరు ఎర్రగా ఉంది సార్” అన్నాడు. ఇంకోసారి చెప్పాము. అతడూ అదే మాట మళ్లీ అన్నాడు. మూడోసారి మా గొంతు పెరిగింది. “అమ్మేటప్పుడొక మాట, అడిగేటప్పుడొక మాట! మీది వ్యాపారం కాదు, దొంగతనం” అన్నాము. అక్కడ కూర్చున్న పదిహేను ఇరవై మంది తలలు మా వైపు తిరిగాయి. వారు చూసింది మా గడ్డాన్నీ, టోపీనీ. ఆ యువకుడు తల వంచుకుని, “మరమ్మతు లేకుండా వాపసు” అని రాసిన కాగితాన్ని మా ముందుకు జరిపాడు. మేము ఫోను తీసుకుని బయటికి వచ్చేశాము.

ఇంట మరొక నష్టం మా కోసం కాచుకుని ఉంది. ఆ రాత్రి అబ్బాయి చిన్నవాడి ఫోనుకు కాల్ చేసి, అమ్మీ ఫోను ఎందుకు పలకడం లేదని అడిగాడు. ఓవర్‌టైము చేసి పంపిన సొమ్ముతో కొన్నది పాడైందని చెప్పడానికి వాళ్ల అమ్మకు నోరు రాలేదు. “ఇక్కడ సిగ్నలు సరిగ్గా లేదు బేటా” అన్నది. మరునాడూ అదే జవాబు. ఎవరో ఎక్కడో మాట తప్పితే, ఆ తప్పు ఎన్ని గుమ్మాలు దాటి మన ఇంట్లోకి అబద్ధంగా ప్రవేశిస్తుందో ఆ రెండు రాత్రులు మాకు తెలియజేశాయి.

ఎర్ర చీటీ అంటే ఏమిటి?

సర్వీస్ సెంటర్‌వారు చూసిన స్టిక్కరు గోరంత కూడా ఉండని ఒక కాగితపు చీటీ. దాని పైపొర తెల్లగా ఉంటుంది. అడుగున నీటికి కరిగే ఎర్రని రంగు ఉంటుంది. తడి తగిలితే ఆ రంగు కరిగి పైపొరకు ఎగబాకుతుంది. తరువాత ఆరిపోయినా చీటీ మళ్లీ తెల్లబడదు. సాధారణంగా దీనిని సిమ్ పళ్లెం ఉండే చోటా, లోపల బోర్డు దగ్గరా అతికిస్తారు. విప్పకుండానే తడి జాడ తెలుసుకోవడం దాని ప్రయోజనం.

ఇంతవరకు అది ఉపయోగకరమైన ఏర్పాటే. ఫోనును బావిలో పడవేసి తెచ్చి, “దానంతట అదే ఆగిపోయింది” అనేవారు లోకంలో లేకపోలేదు. కాని ఆ చీటీ చెప్పగలిగింది ఒక్కటే: తనకు తడి తగిలిందని. ఆ తడి ఎక్కడి నుండి వచ్చింది, ఎంత వచ్చింది, లోపలి యంత్రభాగాలకు చేరిందా, ఫోను ఆగిపోవడానికి కారణం అదేనా అనే ప్రశ్నలకు దాని వద్ద సమాధానం లేదు. సముద్రపు గాలి వీచే ఊళ్లలో, వేసవి ఉక్కలో చెమటకు తడిసిన లాల్చీ జేబులో పగలంతా ఉండే ఫోనుకు తడి తగలకుండా ఉంటుందా?

ఈ వాదన ఇదివరకే న్యాయస్థానానికి చేరింది. అమెరికాలో యాపిల్ కంపెనీ ఇటువంటి చీటీల రంగును బట్టి ఐఫోన్లకు వారంటీ నిరాకరించిందని వినియోగదారులు దావా వేశారు. నీళ్లు తగలకపోయినా తేమకు రంగు మారుతుందన్నది వారి వాదన. 2013లో ఆ కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 5 కోట్ల 30 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడింది. ఒక చీటీ సాక్ష్యం అంత తిరుగులేనిదైతే, ఒక కంపెనీ అంత సొమ్ము వదులుకునేదా?

మరొక విషయం కూడా పాఠకులు గమనించాలి. నీటిని తట్టుకుంటాయని గొప్పగా ప్రకటించే ఫోన్లకు సైతం, నీటి వల్ల కలిగే నష్టాన్ని వారంటీ నుండి మినహాయించే కంపెనీలు చాలా ఉన్నాయి. ప్రకటన పెద్ద అక్షరాలలో ఉంటుంది, మినహాయింపు చీమతలకాయలంత అక్షరాలలో ఉంటుంది. పైగా ఆ పరీక్షలు మంచినీటితో, ప్రయోగశాలలో, కొత్త ఫోనుపై జరుగుతాయి. ఉప్పునీరు, సబ్బునీరు, కిందపడి సందు ఏర్పడిన ఫోను వాటి పరిధిలోకి రావు. కొనేముందు ఈ మినహాయింపులను చదివించుకోవడం మన బాధ్యత.

ఫిఖ్హ్ ఏమంటుంది?

మన మదరసాలలో తరతరాలుగా బోధిస్తున్న ‘హిదాయా’ గ్రంథంలో ‘ఖియారుల్ ఐబ్’ అని ఒక అధ్యాయం ఉంది. లోపం బయటపడినప్పుడు కొన్నవానికి లభించే ఎంపిక హక్కు దాని విషయం. వర్తకుల వాడుకలో దేని వలన సరుకు ధర తగ్గుతుందో అదే లోపమని పండితులు నిర్వచించారు. కొనే సమయానికే ఉన్న లోపం తరువాత తెలిసివస్తే, కొన్నవాడు పూర్తి ధరకు ఆ వస్తువును ఉంచుకోవచ్చు, లేదా తిరిగి ఇచ్చివేయవచ్చు. ఈ హక్కు కోసం విడిగా షరతు రాసుకోనవసరం లేదు. సరుకు నిర్దోషంగా ఉంటుందన్నది బేరంలోనే ఇమిడి ఉన్న మాట.

ఇక్కడ ధర్మవేత్తలు ఒక సున్నితమైన విభజన చేశారు. అమ్మినవాని వద్దనే ఉన్నది పాత లోపం. కొన్నవాని చేతికి వచ్చిన తరువాత ఏర్పడినది కొత్త లోపం. పాతదానికి అమ్మినవాడు బాధ్యుడు, కొత్తదానికి కొన్నవాడు. ఏది పాతదో, ఏది కొత్తదో తెలియక వివాదం వస్తే ఆ విద్యలో నిపుణులను అడగాలి. పశువు విషయంలో పశువుల సంగతి ఎరిగినవారిని, వస్త్రం విషయంలో వస్త్రవ్యాపారులను విచారించాలి. అంటే వస్తువును పరీక్షించిన తరువాతనే తీర్పు. చూడకుండా చెప్పిన తీర్పుకు విలువ లేదు. లోపం తెలిసిన తరువాత కూడా కొన్నవాడు ఆ వస్తువును తనదిగా వాడుకుంటూ పోతే, దానికి సమ్మతించినట్లేననీ, వాపసు హక్కు పోతుందనీ వారు హెచ్చరించారు. తెరపై గీత కనిపించిన ఫోనును ఆరు నెలలు వాడి, ఆనక దుకాణంపైకి వెళ్లేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మరి వారంటీ సంగతి? ఒక సంవత్సరం వరకు ఏ లోపం వచ్చినా ఉచితంగా బాగుచేసి ఇస్తామన్న షరతు ఆ కాలపు బజారులో ఈ రూపంలో లేదు. అయితే ప్రజల ఆచారంలో స్థిరపడిన షరతులతో చేసే అమ్మకం చెల్లుతుందని హనఫీ పండితులు అంగీకరించారు. ఉస్మానియా ప్రభుత్వం క్రోడీకరించిన ‘మజల్లా’ న్యాయస్మృతిలో ఇందుకు ఉదాహరణలున్నాయి. తాళాన్ని తలుపుకు బిగించి ఇవ్వాలన్న షరతుతో కొనడం వాటిలో ఒకటి. నేటి పండితులు పలువురు వారంటీని ఈ కోవలోనే చేర్చుతారు. కాబట్టి వారంటీ ఒక దయ కాదు, బహుమతి కాదు. అది బేరంలో భాగం. మనం చెల్లించిన ధరలో దాని వెల కూడా కలిసే ఉంది.

వారంటీ అంటే సంవత్సరం లోపల వచ్చే లోపాలన్నిటికీ పూచీ. నీటి నష్టం దానికి మినహాయింపు. పూచీ సాధారణ నియమం, మినహాయింపు ప్రత్యేక వాదన. ఎవరు వాదన లేవదీస్తే రుజువు భారం వారిది అన్నది ఇస్లామీ న్యాయవిధానంలోని మూలసూత్రం. ఈ ప్రకారం “నీళ్లు వెళ్లాయి, అందువల్లనే చెడింది” అన్నవారు దానిని నిరూపించాలి. “వెళ్లలేదు” అన్నవాడు లేనిదానిని ఎక్కడి నుండి తెచ్చి చూపుతాడు?

మహా ప్రవక్త (స) మదీనా బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగిన సంఘటన మన పిల్లలకు కూడా తెలుసు. ఆయన రాశిలోకి చేయి పోనిస్తే వేళ్లకు తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసిన భాగాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించి, మోసగించేవాడు తన వారిలోనివాడు కాడని హెచ్చరించారు. ఈ హదీసును ఎన్నిసార్లు బోధించామో లెక్కలేదు. కాని ఆయన ముందుగా చేయి లోపల పెట్టి చూశారన్న సంగతిపై మా దృష్టి నిలిచింది మాత్రం ఈ వ్యవహారం తరువాతనే. పైపైన చూసి ఆ వర్తకుని మంచివాడనలేదు, చెడ్డవాడనీ అనలేదు. లోపల పరీక్షించి, కారణం అడిగి, అతని జవాబు విని, ఆ తరువాత చెప్పవలసింది చెప్పారు.

మా ఇంటిలో విచారణ

ఫిర్యాదు చేయాలని నిశ్చయించుకున్నాము. అవసరమైతే ప్రమాణపత్రం దాఖలు చేయవలసి ఉంటుందని తెలిసింది. ప్రమాణం మాట వినగానే మా మనసులో ఒక ప్రశ్న లేచింది. “ఫోను ఎన్నడూ నీళ్లలో పడలేదు” అని కౌంటరు ముందు అంత గట్టిగా అన్నాము గాని, మేము పగలంతా మదరసాలో ఉంటాము. ఇంట్లో ఏం జరిగిందో మాకేం తెలుసు? ఎదుటివారు లోపల చూడకుండా తీర్పు చెప్పారని కోపించిన మేము, మా ఇంటి లోపల చూశామా?

ఆ రాత్రి అందరినీ కూర్చోబెట్టి అడిగాము. ఇంటివారు ఎరుగనన్నారు. కోడలు ఎరుగనన్నది. ఆరేళ్ల మనవడు మాత్రం వాళ్ల అమ్మ వెనక్కి జరిగాడు. కొట్టము, తిట్టము అని మాట ఇచ్చి దగ్గరికి పిలిస్తే మెల్లగా చెప్పాడు. “దాదా, నేను వజూ చేసొచ్చి బొమ్మలు చూశాను. చేతులు తుడుచుకోలేదు.” ఎన్నిసార్లని అడిగితే రెండు వేళ్లు చూపి, కాసేపు ఆలోచించి మూడో వేలు కూడా తెరిచాడు. నీళ్లలో పడవేశావా అంటే లేదని గట్టిగా తల ఊపాడు.

మరునాడు మా సహాధ్యాపకులొకరితో ఈ సంగతి చెప్పాము. లోకానుభవం గలవారు, మా మేలు కోరేవారు. “హజ్రత్, ఆ మాట ఫిర్యాదులో రాయకండి. మీ వేలితో మీ కంట్లో పొడుచుకున్నట్లే. అడిగితే అప్పుడు చూద్దాం” అన్నారు. ఆయన అబద్ధం చెప్పమనలేదు, ఊరుకోమన్నారు. అందులో తర్కం లేకపోలేదు. తడి చేతులు తాకినంత మాత్రాన ఫోను చెడదు, పెట్టె మీదనే తుంపరలను తట్టుకుంటుందని ఉంది. అటువంటప్పుడు చెప్పడం ఎందుకు?

ఒక రోజంతా ఆలోచించాము. చివరకు మాకు తోచినది ఇది. తడిసిన గింజలను రాశి అడుగున ఉంచిన వర్తకుడు కూడా నోటితో అబద్ధమాడలేదు, ఊరుకున్నాడు అంతే. అమ్మేవాడు లోపాన్ని దాచకూడదన్న ధర్మం కొన్నవాడి వంతు వచ్చేసరికి మారుతుందా? ఫిర్యాదులో ఇలా రాశాము: ఫోను నీటిలో మునగలేదు, ఇంట్లోని బాలుడు తడి చేతులతో రెండు మూడు సార్లు తాకాడు, కంపెనీవారు ఫోనును విప్పి లోపల నీటి నష్టం ఉన్నదో లేదో మా ఎదుట చూపాలి. ఉన్నదని తేలితే మేము డబ్బు చెల్లిస్తాము.

అదే రాత్రి ఇంటివారు అబ్బాయికి ఫోను చెడిన సంగతి కూడా చెప్పివేశారు. అతను నవ్వి, “ఇంతేనా అమ్మీ! నీకు ఒంట్లో బాగాలేదేమో, దాస్తున్నారేమో అని రెండు రోజులుగా నిద్ర లేదు” అన్నాడు. అతని మనసు నొప్పించకూడదని చెప్పిన అబద్ధమే అతనికి నిద్ర లేకుండా చేసింది.

దేశ చట్టం ఇచ్చిన ద్వారాలు

ఇక్కడ పాఠకులకు పనికివచ్చే కొన్ని వివరాలు చెప్పడం అవసరం. మన దేశంలో 1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఇప్పుడు అమలులో ఉంది. దాని ముఖ్య నిబంధనలు 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చాయి.

మొదటి మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 1915 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వారు ఫిర్యాదును నమోదు చేసుకుని, సంబంధిత కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. ఇది న్యాయస్థానం కాదు, తీర్పు చెప్పదు. అయినా కౌంటరు దగ్గర ఆగిపోయిన మాట కంపెనీ పైవారి చెవికి చేరడానికి ఇది దగ్గరి దారి. ఖర్చు ఏమీ లేదు.

రెండవ మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. వస్తువుకు చెల్లించిన ధర 50 లక్షల రూపాయలకు మించకపోతే అక్కడే ఫిర్యాదు వేయాలి. ధర 5 లక్షల వరకు ఉంటే రుసుము లేదు. కంపెనీ కార్యాలయం ఏ మహానగరంలో ఉన్నా సరే, మనం నివసించే లేదా పనిచేసే చోటనే ఫిర్యాదు చేసుకునే హక్కును ఈ చట్టం ఇచ్చింది. న్యాయవాది తప్పనిసరి కాదు, స్వయంగా వాదించుకోవచ్చు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుండి రెండు సంవత్సరాలలోపు ఫిర్యాదు చేయాలి. ఇంటర్నెట్ ద్వారా దాఖలు చేసే ఏర్పాటు కూడా ఉంది. అమ్మిన దుకాణాన్నీ, తయారుచేసిన కంపెనీని కూడా ప్రతివాదులుగా చేర్చవచ్చు.

మా వాదనకు అతి దగ్గరైన నిబంధన మరొకటి ఉంది. పరీక్షించనిదే తేలని లోపమైతే, కమిషన్ ఆ వస్తువును సీలు వేసి తగిన ప్రయోగశాలకు పంపి నివేదిక తెప్పించుకోవచ్చు. లోపం తెలిసినవారిని అడగమన్న ఫిఖ్హ్ సూత్రానికీ దీనికీ ఎంత పోలిక ఉందో గమనించండి. పరీక్ష అవసరం లేని ఫిర్యాదులను, ఎదుటివారికి నోటీసు అందిన నాటి నుండి మూడు నెలల్లో, పరీక్ష అవసరమైనవాటిని ఐదు నెలల్లో పరిష్కరించేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఆలస్యం జరుగుతూనే ఉంటుంది. ఓపిక చేసుకోగలవారే ఈ మెట్టు ఎక్కాలి.

ఏమి తేలింది?

మేము 1915 ద్వారా ఫిర్యాదు చేసిన తొమ్మిదో రోజున కంపెనీవారి నుండి ఫోను వచ్చింది. మళ్లీ విజయవాడ రమ్మన్నారు. వెళ్లాము. ఈసారి లోపలి గదికి తీసుకువెళ్లి, ఒక పెద్ద సాంకేతిక నిపుణుడు మా ఎదుటనే ఫోను విప్పాడు. సిమ్ పళ్లెం దగ్గరి చీటీ ఎర్రగానే ఉంది. లోపల బోర్డు దగ్గరి చీటీ మాత్రం తెల్లగా ఉంది. బోర్డుపై తుప్పు లేదు, చిలుము లేదు. ఛార్జింగుకు సంబంధించిన ఒక చిన్న భాగం పనిచేయడం లేదని అతడు తేల్చాడు. డబ్బు తీసుకోకుండా పన్నెండు రోజులలో బాగుచేసి ఇచ్చారు. రెండోసారి సెలవుకు, బస్సు ఛార్జీలకు పరిహారం అడిగితే దానికి మాత్రం జవాబు రాలేదు.

నిజం రాసినందువల్లనే మా పని అయిందని మేము చెప్పబోవడం లేదు. బోర్డు మీద తుప్పు కనిపించి ఉంటే ఆ వాక్యమే మాకు ఎదురు తిరిగేది, 9,800 రూపాయలు కట్టవలసి వచ్చేది. అప్పుడు కూడా రాయవలసింది అదే వాక్యం.

ఆ రోజున మాకు మరొక పని మిగిలి ఉంది. కౌంటరులో అదే యువకుడు కూర్చుని ఉన్నాడు. నలుగురి ముందు అన్న మాటకు నలుగురి ముందే క్షమాపణ చెప్పాలి గదా! అతని దగ్గరికి వెళ్లి, “బాబూ, ఆ రోజు నిన్ను దొంగ అన్నాము. అది తప్పు. మన్నించు” అన్నాము. అతడు తడబడి లేచి నిలబడ్డాడు. కాసేపటికి తన కుర్చీ మా వైపు జరిపి కూర్చోమన్నాడు. మెల్లగా చెప్పాడు. “ఎర్ర స్టిక్కరు ఫోటో ఎక్కిస్తే కంప్యూటరులో ఉచిత మరమ్మతు తెరుచుకోదు సార్. నేను కాదని చేస్తే ఆ భాగం ఖరీదు నా జీతంలో పట్టుకుంటారు. రోజుకు పదిమంది తిడతారు. మళ్లీ వచ్చి ఇలా చెప్పింది మీరొక్కరే.”

మా కోపం న్యాయమైనదే కావచ్చు. కాని దాన్ని దించింది తప్పు గుమ్మం ముందు. నియమం రాసినవారు ఎక్కడో చల్లని గదులలో ఉన్నారు. దెబ్బ తిన్నది నెల జీతానికి పనిచేసే ఒక బిడ్డ. హక్కు అడగడం వేరు, ఎదుటివాని మర్యాద తీయడం వేరు. ఈ రెండింటి మధ్య గీతను తరగతి గదిలో గీయడం సులభం. కౌంటరు ముందు గీయడమే కష్టం.

దుకాణాలు నడిపే మన సోదరులకు

ఇంతవరకు కొన్నవారి పక్షాన మాట్లాడాము. మన యువకులు అనేకమంది మొబైల్ అమ్మకాలలో, మరమ్మతులలో ఉపాధి పొందుతున్నారు. అల్లాహ్ వారి సంపాదనలో శుభం కలిగించుగాక. వారు తమను తాము కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. పాత ఫోను అమ్మేటప్పుడు దానిని ఒకసారి విప్పి అతికించిన సంగతి చెబుతున్నామా? తెర మార్చినప్పుడు వేసినది కంపెనీదా, నకలుదా అని స్పష్టంగా చెప్పి ధర తీసుకుంటున్నామా? “మూడు నెలల గ్యారంటీ అన్నా, నాదీ పూచీ” అని నోటిమాట ఇచ్చి, రెండో నెలలో వచ్చిన గిరాకీని గుర్తుపట్టనట్లు చూస్తున్నామా? మరమ్మతుకు వచ్చిన ఫోను మన వద్ద అమానతు. అందులోని భాగాలూ, ఫోటోలూ, కుటుంబ విషయాలూ అన్నీ అమానతే. కొలతలలో తగ్గించేవారిని ఖుర్ఆన్ ఒక సూరా ఆరంభంలోనే తీవ్రంగా హెచ్చరించింది. త్రాసు చూపని వ్యాపారంలో కూడా తూనిక ఉంటుంది. ఇచ్చిన మాట ఒక పళ్లెంలో, చేసిన పని రెండో పళ్లెంలో ఉంటాయి.

గుర్తుంచుకోవలసినవి

కొన్న రోజునే బిల్లు తీసుకోవాలి. దానిపై దుకాణం పేరు, తేదీ, ఫోను ఐఎంఈఐ సంఖ్య ఉన్నాయో లేదో చూడాలి. ఫోనులో *#06# నొక్కితే 15 అంకెల ఆ సంఖ్య కనిపిస్తుంది, బిల్లుతో సరిచూసుకోవాలి. కొన్ని బిల్లుల మీద అక్షరాలు ఏడాది తిరిగేసరికి వెలిసిపోతాయి గనుక ఫోటో తీసి మరొకచోట దాచుకోవాలి. బాకీ వ్యవహారాలను రాసిపెట్టుకోమన్న ఆదేశం ఖుర్ఆన్‌లోని అతి పొడవైన వాక్యంలో ఉన్నదని మరువకూడదు.

లోపం కనిపించిన వెంటనే వాడకం ఆపి తెలియజేయాలి. వారంటీ ఉండగా బయటి దుకాణంలో విప్పించకూడదు. ఇచ్చే ముందు ఫోను నాలుగు వైపులా ఫోటోలు తీసుకోవాలి. వీలైతే అందులోని సమాచారాన్ని వేరేచోట భద్రపరచుకోవాలి. జాబ్ షీటు లేకుండా ఫోను అప్పగించకూడదు. నిరాకరిస్తే, ఏ కారణంతో, ఏ పరీక్ష చేసి నిరాకరించారో కాగితంపై రాసి ఇమ్మనాలి. నోటిమాటగా చెప్పిన నిరాకరణకు ఆధారం ఉండదు. అన్నిటికన్నా ముందు, ఇంట్లో పిల్లలను అడగాలి. కొట్టమని మాట ఇచ్చి మరీ అడగాలి.

మా మనవడు ఇప్పుడు వజూ చేసిన తరువాత రెండు చేతులూ తువాలుతో తుడుచుకుని, వాటిని మాకు చూపించి, ఆ తరువాతనే ఫోను అడుగుతున్నాడు. వాడికి అది ఆటగా మారింది. నిజం చెప్పినందుకు దెబ్బలు పడలేదన్న సంగతి మాత్రం వాడి మనసులో నిలిచిపోయిందని మా నమ్మకం. అల్లాహ్ మనలో అమ్మేవారికి దాచకుండా చెప్పే ధైర్యాన్నీ, కొనేవారికి న్యాయంగా అడిగే ఓర్పునూ, అందరికీ హలాల్ సంపాదననూ ప్రసాదించుగాక. ఆమీన్.